రివిజన్ మూడు

పదకొండూ నలభైకి పెద్దాయన శవం కనబడింది.

అద్దకం షెడ్డు వెనక, రంగునీళ్ళ ట్యాంకు అడుగున, మోకాలి లోతు బురదలో బోర్లా పడి ఉన్నాడు. పక్కన నిచ్చెన. చేతికి అందేంత దూరంలో గ్యాస్ మీటరు, సగం బురదలో కూరుకుపోయి. ట్యాంకు గట్టు మీద ప్లాస్టిక్ కవర్లో ఒక కాగితం.

పన్నెండుంబావుకి సలహాదారు పరుగున వచ్చేసరికి ఫైర్ వాళ్ళు శవాన్ని పైకి తీసి గోనెపట్టా కప్పారు. పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. నీలం రంగు అంటిన పాదాలు. ఆమె వాటిని చూసి చూపు తిప్పుకుంది.

చిన్న చిన్న పరిశ్రమల చేత పర్యావరణ యాజమాన్య వ్యవస్థ పెట్టించడం ఆమె పని. పేరు నోరు తిరగనంత పెద్దదే గానీ విషయం తేలిక. షెడ్డు నుంచి ఏ నీళ్ళు, ఏ పొగ, ఏ చెత్త బయటికి పోతున్నాయో కొలవాలి. రాయాలి. తగ్గించాలి. ఎవరికీ ప్రాణం మీదికి రాకుండా చూడాలి. అలాంటి షెడ్లు ఆమె చేతిలో పన్నెండున్నాయి. పనివాళ్ళు ఆమెను ఫారాలమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది ఈ షెడ్డులో అద్దకం పనిచేసే పెద్దాయనే. "ఊపిరి పీల్చుకోడానికి కూడా ఏదన్నా ఫారం ఉందామ్మా?" అని నవ్వేవాడు.

ఇన్‌స్పెక్టరుకి యాభై ఏళ్ళుంటాయి. నెమ్మదైన మనిషి. కవర్లోని కాగితం ఎత్తి దూరం నుంచే ఆమెకు చూపించాడు.

"ఏంటిది?"

"ట్యాంకులోకి దిగే ముందు నింపాల్సిన పర్మిట్ సార్. లోపల విషవాయువు ఉందేమో మీటరుతో చూసి, రీడింగ్ రాసి, అప్పుడు దిగాలి."

"దిగిన టైం తొమ్మిదిన్నర. గ్యాస్ సున్నా. కింద పెద్దాయన సంతకం. అంతేనా?"

ఆమెకు ఆ సున్నా ఒక్కటే కనిపించింది. "అంతే సార్."

"మీటరు ఎవరిచ్చారు?"

"నేనే."

"పనిచేస్తుందని చూసిందెవరు?"

"నేనే. పోయిన నెల."

"డాక్టరేమో గ్యాస్ పీల్చి పోయాడంటున్నాడు. పదింటికి ముందేనట. మీ మీటరేమో సున్నా అంటోంది. ఎవరి మాట నమ్మమంటారు?"

ఆమె ట్యాంకు వైపు తిరిగింది.

"ఈ మీటర్లు ఇంకా ఎక్కడున్నాయి?"

అప్పుడు భయం వేసింది. అంతవరకు పడింది భయమే కాదనిపించేంత భయం. మిగతా పదకొండు షెడ్లలోనూ అదే మోడలు. ఆమే కొనిపించింది. ఆమే పరీక్షించింది. ఈ క్షణంలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఆ మీటరు చూసి, సున్నా అనుకుని, నిచ్చెన మీద కాలు పెడుతూ ఉండొచ్చు.

ఫోన్ తీసింది. రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. బ్యాటరీల షెడ్డు, సబ్బుల షెడ్డు, పాల డెయిరీ... "ఇవాళ ఎవరినీ ట్యాంకులోకి దింపొద్దు. మీటరు నమ్మొద్దు." ఒంటిగంటకల్లా పది షెడ్లకు చెప్పేసింది. పదకొండోది తోళ్ళ షెడ్డు. ఫోన్ మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. దగ్గరుంటే పరుగెత్తేది. ఊరికి ఆ చివర, గంట దారి. పైగా ఇన్‌స్పెక్టరు ఎవరినీ గేటు దాటనివ్వడం లేదు. పదినిమిషాలకోసారి మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉంది.

మూడుంబావుకి ఇన్‌స్పెక్టరు అందరినీ ఆఫీసు గదిలో కూర్చోబెట్టాడు. అందరూ అంటే నలుగురు. సలహాదారు. షెడ్డు యజమానురాలు, పనివాళ్ళందరికీ అక్క. ఆమె తమ్ముడు చిన్నసారు, ఇక్కడ సూపర్‌వైజరు. చివర్లో బాయిలర్ మనిషి, కళ్ళు ఎర్రబడి.

"పెద్దాయన్ని ఆఖరిసారి చూసిందెవరు?"

"నేనే సార్," అన్నాడు బాయిలర్ మనిషి. "తొమ్మిదీ ఇరవైకి. భుజాన నిచ్చెనేసుకుని పోతున్నాడు. ఎక్కడికి బాబాయ్ అన్నాను. స్నానానికి అన్నాడు."

"చేతిలో మీటరుందా?"

"చూళ్ళేదు సార్. ఇంకో చేతిలో బక్కెట్టుంది."

"మీరెక్కడున్నారమ్మా?"

"బ్యాంకులో," అంది అక్క. "పదకొండున్నరకి వచ్చాను. వచ్చిన పది నిమిషాలకి తమ్ముడు కేకేశాడు."

"మీరు?"

"ఇక్కడే సార్, పైన," అన్నాడు చిన్నసారు. "రేపు పర్యావరణ సర్టిఫికెట్ ఆడిట్. ఎనిమిదిన్నర నుంచి ఫైళ్ళు సర్దుకుంటున్నా. ఆయన దిగిన సంగతే నాకు తెలీదు. మీటరు ఆయనే తీసుకెళ్ళినట్టున్నాడు."

చిన్నసారు ఆమె శిష్యుల్లోకెల్లా మంచి శిష్యుడు. ఆమె ఏది చెబితే అది నోట్సు రాసుకుంటాడు. అతని బల్ల మీద ఫైళ్ళు అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. పాపం మొహం వాడిపోయింది అనుకుంది.

ఇన్‌స్పెక్టరు జేబులు తడుముకున్నాడు. "కళ్ళజోడు మర్చిపోయా. మేడమ్, ఆ పర్మిట్ కాస్త చదివి పెట్టండి. పై నుంచి కింద దాకా. ఒక్క ముక్క వదలకుండా."

ఆమె కాగితం అందుకుంది. వచ్చినప్పట్నుంచి దాన్ని చేతిలోకి తీసుకోవడానికే భయపడింది. ఇప్పుడు తప్పదు.

"ట్యాంకు ప్రవేశ పర్మిట్. తేదీ ఇవాళ్టిది. దిగే సమయం తొమ్మిదిన్నర. గ్యాస్ రీడింగ్ సున్నా. పరీక్షించినవారు..." కింది గీత మీదికి వేలు జరిపింది. "సంతకం."

"అయిపోయిందా? కింద మూల ఏదో ఉన్నట్టుంది."

"అది ఫారం నంబరు సార్. ఎన్నోసారి మార్చామో వేస్తాం. రివిజన్..."

ఆగిపోయింది.

అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి.

"చదవండి."

"మూడు."

ఇన్‌స్పెక్టరు చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీసి తాపీగా పెట్టుకున్నాడు. చూస్తున్నది కాగితం వైపు కాదు.

"బాయిలర్ గదిలో గోడకి ఇవే ఫారాల కట్ట వేలాడుతోంది. అన్నిటి మీదా రెండు అని ఉంది. దీని మీద మూడు. ఎందుకో నాకు తెలీదు. మీకు తెలిసుండాలి."

"పెద్దాయన కోసం," అంది ఆమె. మాట తనది కానట్టుంది. "చిన్న అక్షరాలు కనబడటం లేదమ్మా అన్నాడు మొన్న. అందుకని పెద్దవి చేసి, ఇవాళే పంపాను. మెయిల్లో."

"ఎన్నింటికి?"

"పదకొండూ అయిదుకి."

"పదింటికి ముందే పోయిన మనిషి, పదకొండూ అయిదుకి వచ్చిన ఫారం మీద సంతకం పెట్టాడన్నమాట." ఇన్‌స్పెక్టరు అక్క వైపు తిరిగాడు. "ఆ కంప్యూటరు ఎవరు వాడతారమ్మా?"

"నాకు రాదు సార్," అంటూ అక్క సగంలో ఆపేసింది. మెల్లగా తమ్ముడి వైపు చూసింది. "నువ్వేనేంట్రా?"

చిన్నసారు చేతులు బల్ల మీద ఉన్నాయి. ఫైళ్ళ అంచులు మళ్ళీ సర్దుతున్నాయి. సలహాదారు అతని పక్క కుర్చీలోనే ఉంది. వాళ్ళిద్దరి మధ్య జానెడు దూరం. లేచి పోవాలనిపించింది. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

"ట్యాంకు నిండా బురదుంటే రేపు ఫెయిలైపోతాం అనుకున్నా," అన్నాడు. "గబగబా ఎత్తేసెయ్ అని పెద్దాయనతో అన్నాను. మీటరు ఈ బీరువాలోనే ఉంది. తాళం తియ్యలేదు. పది నిమిషాల పనే గదా అన్నాను."

"మళ్ళీ ఎప్పుడు చూశావు?"

"పదీ ముప్పావుకి. కదలడం లేదు."

"కేకేశావా?"

చిన్నసారు తల అడ్డంగా ఊపాడు.

"పదకొండూ నలభై దాకా, యాభై అయిదు నిమిషాలు. ఫారం ప్రింటు తీశావు. నింపావు. ఆయన సంతకం గీశావు. మీటరు తీసి బురదలోకి విసిరావు. అప్పుడు కేకేశావు. బాయిలర్ గదిలో పాత ఫారాలున్నాయి గదా. వాటిలో ఒకటి వాడుకుంటే నిన్ను పట్టుకోవడం నావల్ల అయ్యేది కాదు."

"ఇక్కడున్న పాతవన్నీ చించేశాను." చిన్నసారు ఆమె వైపు తిరిగాడు. కళ్ళలో నీళ్ళు. "కొత్తది రాగానే పాతవి చించెయ్యమన్నారు గదా మేడమ్. చేతులు వాటంతటవే చించేశాయి."

బాయిలర్ మనిషి తల గోడకి ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క తమ్ముడి మీద చెయ్యెత్తి, కొట్టలేక, అలాగే నిలబడిపోయింది. కానిస్టేబుళ్ళు చిన్నసార్ని తీసుకెళ్ళారు.

సలహాదారు వరండాలోకి వచ్చింది. మీటరు అబద్ధం చెప్పలేదు. తన తప్పు లేదు. గుండెల మీద బరువు దిగినట్టయింది. మరుక్షణం ఆ పట్టా కింది పాదాలు గుర్తొచ్చి, ఊరట పడ్డందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడు ఫోన్ మోగింది. తోళ్ళ షెడ్డు యజమాని.

"ఏంటమ్మా, ఇన్నిసార్లు చేశారు? ఫోను కోటులో పెట్టి మర్చిపోయాను."

"గ్యాస్ మీటరు గురించండీ. వాడొద్దని చెబుదామని చేశాను. ఇప్పుడు ఫరవాలేదు, మీటరు బాగానే..."

"ఓ, దాని గురించా? కంగారు పడకండి. మేం వాడితేగా. మీరు పరీక్షించి ఇచ్చాక అట్టపెట్టె మళ్ళీ విప్పనే లేదు."

ఆమె మెట్ల దగ్గర ఆగింది.

"మరి రోజూ సాయంత్రం నాకు పంపే రీడింగులు?"

"మా అల్లుడు వేస్తాడులెండి, సున్నాలు. మీరు బాధపడతారని."

"ఇవాళ ట్యాంకులోకి ఎవరన్నా దిగారా?"

"ఇదిగో, మా పనివాడొకడు ఇప్పుడే దిగుతున్నాడు."

"పైకి రమ్మనండి." గొంతు చించుకుని అరిచింది. గేటు దగ్గర ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగాడు. "మీరు దిగొద్దు. ఎవరూ దిగొద్దు. అతన్ని పైకి పిలవండి, ముందు పిలవండి."

అటువైపు చెప్పుల చప్పుడు. ఎవరినో పిలిచాడు. జవాబు రాలేదు. మళ్ళీ పిలిచాడు. ఆమె కళ్ళు మూసుకుని ఫోన్‌ని చెవికి అదిమి పెట్టుకుంది. ఇనప నిచ్చెన కిర్రుమంది.

"అతని చేత మాట్లాడించండి," అంది. "ఫోన్ అతనికివ్వండి."

ఎంతసేపు గడిచిందో ఆమెకు తెలియలేదు. తర్వాత ఒక మగగొంతు, ఆయాసంతో, మహా విసుగ్గా వినిపించింది.

"ఎవరండీ మీరు? సగం నిచ్చెన దిగినోణ్ణి పైకి రమ్మంటారు. పనులుండవా మాకు?"

ఆమె వరండా మెట్టు మీద కూలబడిపోయింది. ఏడుపు ఆగలేదు.

"తిట్టన్నా," అంది. "ఇంకాసేపు తిడుతూ ఉండు. నేను బయల్దేరి వస్తున్నా."