ఆకుపచ్చ చెంప

"నా బిడ్డ చెంప ఆకుపచ్చగున్నదా, లింబయ్యా?"

బాలనర్సయ్య గొంతు పెంచలేదు. అందుకే ఇంకా భయమేసింది.

బోధన్‌లో సినిమా బోర్డులు గీసే లింబయ్య కుంచె దించాడు. ముప్కాల్ సంబంధం వాళ్లు పిల్ల బొమ్మ పంపమన్నారు. నలుపు తెలుపు ఫోటోలో ఒంటి రంగు కనబడదని, బాలనర్సయ్య తన కూతురు గంగమణిని పది రోజులు లింబయ్య షెడ్డులో కూర్చోబెట్టి నూనె రంగుల్లో గీయించాడు.

మనసుపడ్డ పిల్లను ఇంకొకడి కోసం గీయడం. లింబయ్య చెప్పని మాటలన్నీ గుడ్డ మీద రంగులయ్యాయి. చెంపకు ఆకుపచ్చ, జుట్టులో నీలం, చెవి అంచున నిప్పులాంటి ఎరుపు.

"దెబ్బలు తిన్నట్లున్నది. ఏం బిడ్డా, నువ్వన్న చెప్పలే?"

"నేను ముందట కూసున్న బాపూ. గుడ్డ మీద ఏం గీస్తున్నడో నాకేమెరుక?" గంగమణి లింబయ్య వైపు తిరిగింది. "గింత రంగు పూసినవు. మిగిలింది మా బండి చక్రాలకు పూస్తవా?"

"నీ మొఖానికే సాలలేదు."

ఆమె నవ్వు ఆపుకుంది.

"ముప్కాల్‌కు ఫోటోనే పంపుత. గిది అటుక మీద పడేస్త," తేల్చేశాడు బాలనర్సయ్య.

రంగు ఆరలేదు, చుట్టడానికి లేదు. ఫ్యాక్టరీలో చెరుకు దించి వచ్చిన బాలనర్సయ్య రెండు బండ్లలో, జీతగాడు తోలే ముందుదాని వెనక బొమ్మను నిలబెట్టి కట్టారు. అది ఒరగకుండా లింబయ్య పట్టుకుని నడిచాడు. వెనక బండిలో తండ్రీకూతుళ్లు.

ఊరు దాటేసరికి ముందు బండి ముప్పై అడుగుల దూరంలో ఉంది. బొమ్మ మీద సాయంత్రపు ఎండ పడింది.

బాలనర్సయ్య పగ్గాలు లాగాడు. ఎడ్లు ఆగాయి.

ఆకుపచ్చ లేదు. నీలం లేదు. రంగులన్నీ కలిసి చర్మమయ్యాయి. చెరుకు తోటల నడుమ అతని బిడ్డ కూర్చుని ఊపిరి తీస్తోంది. బాలనర్సయ్య తనకు తెలియకుండానే తల రుమాలు తీసేశాడు.

"ఓ లింబయ్యా, ఆగు," అని కేకేశాడు. "దూరంకెల్లి సూడమని ముందుగాల ఎందుకు చెప్పలే?"

లింబయ్య తల దించుకున్నాడు. "చెప్తే ముప్కాల్ పంపుతవు గద."

బాలనర్సయ్య చాలాసేపు బొమ్మలోని కళ్లనే చూశాడు. అవి ఊరికే చూడటం లేదు. కుంచె పట్టినవాడినే చూస్తున్నాయి. పక్కకు తిరిగితే, గంగమణి చెవి అంచున అదే ఎరుపు.

"గా బొమ్మ ఒరుగుతున్నది బిడ్డా," అన్నాడు, రుమాలు మళ్లీ చుట్టుకుంటూ. "వాడొక్కడు పట్టలేడు. దిగి, రెండో దిక్కు నువ్వు పట్టుకో."