నీలి కండువాలు, నల్ల జెండాలు

పొద్దున్నే చాయ్ గ్లాసుతో ముందుగదిలోకి వచ్చిన అలేఖ్యకు కూర్చోవడానికి చోటే లేదు. గదినిండా కుట్టుగుడ్డలే. సిరిసిల్లలో ఆ వీధికి ఇది కొత్తేమీ కాదు. ఎలక్షన్లొస్తే అన్ని పార్టీల కండువాలూ ఒకే మంచం మీద పక్కపక్కనే పడుకుంటాయి. బయట కొట్టుకునేవాళ్లు ఇక్కడ ఎంత సఖ్యంగా ఉంటారో. అందుకే ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది: కుట్టేవాళ్లు తాము ఎటువైపో నోరు విప్పకూడదు. అలేఖ్య తల్లి సుధ ఓటు ఎవరికేస్తుందో ఇన్నేళ్ల కాపురంలో ఆమె భర్త పరశురాములుకే తెలియదు.

ఈసారి మంచం మీద ఉన్నవి నీలి కండువాలు. అవి అలేఖ్య తెచ్చిన ఆర్డరే. రాష్ట్రంలో అణు కరెంటుకు దారి తెరిచే కేంద్ర బిల్లుకు మద్దతు కూడగట్టే సంస్థలో ఆమె పనిచేస్తోంది. మధ్యాహ్నం నేత కార్మికుల సంఘం సభ ఉంది. అక్కడ మద్దతు తీర్మానం గెలిస్తేనే ఎంపీ దగ్గరికి వెళ్లడానికి ఆమెకు ముఖం ఉంటుంది. అయితే కుట్టుమిషన్ పక్కన నల్ల జెండాల కుప్ప కనపడింది.

"ఇవెవరియి బాపు?"

"బిల్లు వద్దనేటోళ్లయి," అన్నాడు పరశురాములు చాయ్ ఊదుకుంటూ. "గుడ్డకు పార్టీ ఉంటదా బిడ్డా?"

"నా సభల నా ముంగటనే ఊపుతరు. గవి అమ్మతోని కుట్టిపిస్తున్నవా?"

"మంచిగ కుడతదని."

అలేఖ్యకు ఒళ్లు మండింది. ఆ కుప్పను ఎత్తి వాకిట్లో పడేసింది. సుధ వెళ్లి, జెండాలన్నీ దులిపి తెచ్చి, మళ్లీ మిషన్ ముందు కూర్చుంది.

"నేనంటే లెక్కనే లేదా అమ్మా? ఊరూరు తిరుగుతున్న. కోరుట్ల, వేములవాడ, రుద్రంగి, అంతట నా మాట ఇంటున్నరు. ఇంట్ల నువ్వే నన్ను ఓడగొడ్తున్నవ్."

మిషన్ ఆగింది.

"కోరుట్లల చెప్పినవ్. రుద్రంగిల చెప్పినవ్. నాకెన్నడన్న చెప్పినవా?" సుధ కూతురి వైపు తిరిగింది. "గా అణు కరెంటు ఏందో, ఎందుకో, అమ్మా గిట్ల కూసో అని ఒక్కనాడన్న అన్నవా? దీనికేం సమజైతదనుకున్నవ్."

అలేఖ్య కండువాలు ఎప్పటికి కావాలో చెప్పింది గానీ, ఎందుకో చెప్పలేదు. సిగ్గుతో కళ్లు నిండాయి.

"ఇంట గెల్సి రచ్చ గెల్వమన్నరు," గొణిగాడు పరశురాములు. భార్య చూసిన చూపుకు గ్లాసు పట్టుకుని బయటికి నడిచాడు.

అలేఖ్య నేల మీద కూర్చుని మొదటినుంచి చెప్పింది. బొగ్గు పొగ గురించి, ఎండాకాలం కరెంటు గురించి, సాంచాలు ఆగకుండా నడిచి గుడ్డ నేయడం గురించి. సుధ దారాలు తెంపుతూనే అంతా విని అడిగింది:

"మరి వాడినంక మిగిలిన చెత్త ఏడ పెడ్తరు?"

"జాగ్రత్తగ దాస్తరు. కని వేల ఏండ్లు కావలి కాయాలె. శాశ్వతంగ ఏడ పెట్టాల్నో మన దేశంల ఇంకా తేలలే."

"గిది సభల చెప్తవా?"

"మా ఆఫీసోళ్లు వద్దన్నరు. జనం బుగులు పడ్తరట."

"నాకు చెప్పినవ్ గద. నేనేమన్న ఉరికిపోయిన్నా?"

మధ్యాహ్నం హాలు సగం నీలం, సగం నలుపు. రెండూ సుధ చేతి కుట్టే. అలేఖ్య మైకు పట్టుకుని ఆఖరి వరుసలోని తల్లిని చూసింది. రాసుకొచ్చిన ఉపన్యాసం పక్కన పెట్టి, ముందుగా చెత్త సంగతే చెప్పింది. గుసగుసలు లేచాయి. ఎవరో నల్ల జెండా ఊపారు.

"బుగులు పడాల్సిందే," అంది అలేఖ్య. "కావలి ఎవరిదో, జవాబు ఎవరిదో బిల్లులనే రాయిపిద్దాం. గా మాట తీర్మానంల కలిపినంకనే చేతులెత్తున్రి."

సంఘం పెద్ద ఎల్లన్న ఆ మాట కలిపి, చేతులెత్తమన్నాడు. ముందు వరుసల్లో అక్కడక్కడా కొన్ని లేచాయి. తరవాత ఆఖరి వరుసలో సుధ చెయ్యి లేచింది. పక్కనే ఉన్న పరశురాములు నోరు తెరిచి చూస్తుండిపోయాడు. కుట్టుపని చేసే ఆడవాళ్లంతా ఒకసారి ఆమెను చూసి, తమ చేతులూ ఎత్తారు. తీర్మానం గెలిచింది.

అలేఖ్య జనాన్ని దాటుకుంటూ తల్లి దగ్గరికి పరుగెత్తింది.

"చెయ్యెత్తిన గని," అంది సుధ, "గా చెత్త సంగతి తేలేదాక నిన్ను అడుగుతనే ఉంట."

"అడుగమ్మా," అంటూ తల్లి భుజాన తలపెట్టి అలేఖ్య ఏడ్చేసింది. "రోజూ అడుగు."