ఎదురుచూసేవారు నమోదు కాలేదు

ఎవరూ తినని కంచాన్ని వకుళ తోమడం ఇది నాలుగో రోజు. అంచు వెంట చుక్కలుగా కొట్టిన పేరులో నిన్నటి సబ్బు తెల్లగా ఎండిపోయి ఉంది. పాత బ్రష్షుతో ఒక్కొక్క అక్షరమే గీకి శుభ్రం చేసింది. బెవర సుభాషిణి. పరిశోధక విద్యార్థులు ఇంటి నుంచి తెచ్చుకున్న కంచాలను మెస్సు గోడకున్న గూళ్లలో పెట్టుకుంటారు. ఈ కంచం గూడు మంగళవారం సాయంత్రం రద్దయింది. మూడో మెస్సులో వంట చేసే వకుళ పిన్ని పైడితల్లికి దాన్ని సామాన్ల గదిలో పడేయడానికి చేతులు రాలేదు. సంచిలో వేసుకుని క్వార్టర్‌కు తెచ్చేసింది.

"ఉండనీ. పేరున్న కంచం. దుమ్ము పట్టనీకు," అంది ఆ రోజు. ఎందుకు రద్దయిందో ఆమె చెప్పలేదు, వకుళ అడగలేదు. మెస్సుకు వచ్చిన మాట మెస్సుది.

"ఏటే అమ్మీ, ఆ కంచమేటి సేసింది నిన్ను?" వంటింట్లోంచి పైడితల్లి కేకేసింది. "అరిగిపోయిందంటే ఆ పిల్ల నన్ను తిడతాది. అంబలి సల్లారిపోతంది, రా!"

"వస్తున్నా పిన్నీ."

"ఆ వస్తున్నా అన్నదొక్కటే నిన్నట్నుంచీ ఇన్నాను నీ నోట. ఊరందరికీ మాటాడతాది, ఇంట్లో మాత్రం మూగిది."

వకుళ నవ్వింది. వెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించి, మాటలు వినిపించే చెవిగింజను సరిచేసుకుని, కిటికీ పక్కన పీట వేసుకుని కూర్చుంది. నాలుగు రోజులుగా కురిసిన వాన రాత్రి తగ్గింది. దూరంగా కొండ మీద మబ్బు ఇంకా దిగే ఉంది.

"శనివారం. అయిదున్నర. మొదటి కట్ట," అంది చెవిలో ఆమె గొంతే.

ఆరేళ్లుగా ఈ విశ్వవిద్యాలయంలో పొద్దుమాటకు వకుళ గొంతరి. పద్దెనిమిది వేల మందికి ప్రతి ఉదయం, పని పడితే సాయంత్రమూ, వినబడేది ఆమె గొంతు. ఆ మాటలు కూర్చి ఆమె గొంతుతో పలికేది సమన్వయిని అనే యంత్రం. వకుళ పని ఒక్కొక్క మాటల కట్టనూ విని 'ఔను' అనడం. గొంతు ఎవరిదో వాళ్లు ఒప్పుకోకుండా ఏ మాటా బయటికి పోకూడదని మొదట్లో విద్యార్థులు పట్టుబట్టి పెట్టించిన నియమం అది.

"నాలుగు వందల పన్నెండు మందికి: గ్రంథాలయం ఎనిమిదింటికి తెరుస్తారు. మూడు వందల తొంభై మందికి: తొమ్మిదింటికి తెరుస్తారు."

"ఔను."

తలుపు నిజంగా తెరిచేది ఎనిమిదీ ఇరవైకి. అక్కడ ఎప్పుడూ తోపులాట ఉండదు. నీళ్ల ట్యాంకు, బస్సు, పరీక్ష గది, అన్నీ అంతే. ఎవరికి సరిపడే మాట వారికి వెళుతుంది. అందుకే ఇక్కడ ఒకరి మాటను ఇంకొకరు అడగరు. మాటలు పోల్చుకోవడం పక్కవాళ్ల కంచంలో చెయ్యి పెట్టడం లాంటిది. వచ్చిన కొత్తలో వకుళకు ఇదంతా అయోమయంగా ఉండేది. తర్వాత అలవాటైంది. జనంలో అలజడిని కొలిచి గోడ మీద పలకలో చూపే కలత అంకె మూడు దాటగా ఆమె చూడలేదు.

"రెండో కట్ట. వసతిగృహాల విభాగానికి: బెవర సుభాషిణి గది, రెండు వందల పద్నాలుగు, సోమవారం నుంచి కొత్తవారికి."

వకుళ నోటి దాకా వచ్చిన ఔను ఆగిపోయింది.

రోజుకు వందల పేర్లు వింటుంది. ఏదీ గుర్తుండదు, గుర్తుంచుకోకూడదు కూడా. కాని ఈ పేరును ఇప్పుడే వేళ్లతో తడిమి వచ్చింది. ఆ వేళ్ల తడి ఇంకా ఆరలేదు. పేరు వెంట తీగ లాగినట్టు పాత కట్టలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మంగళవారం సాయంత్రం కొండ మీది పరిశోధన కేంద్రం కాపలాదారుకు: సుభాషిణి గారి రాక రద్దయింది, గేటుకు తాళం వేసి సెలవు మీద వెళ్లవచ్చు. బుధవారం ఆమె తల్లికి: మీ అమ్మాయి పరీక్షల్లో ఉంది, ఆదివారం మాట్లాడుతుంది. గురువారం ఆమె గైడుకు: తల్లికి ఒంట్లో బాగోలేక సుభాషిణి ఊరెళ్లింది.

మూడింటికీ తనే ఔను అంది. మెస్సుకు వెళ్లినదానికీ అనే ఉంటుంది; గూళ్ల మాటల్లో పేర్లుండవు, అంకెలే.

"ఒప్పుకోలు కోసం వేచి ఉన్నాము," అంది గింజ.

"సుభాషిణి ఎక్కడుంది?"

"మీకు సరిపడే జవాబు: పరిశోధనలో ఉన్నారు."

"నాకు సరిపడేది వద్దు. ఉన్నది చెప్పు."

తన గొంతుతోనే తను వాదించుకుంటున్నట్టుంది. అవతలి గొంతులో మాత్రం తొణుకు లేదు.

"స్థానం లేదు. చివరి నమోదు మంగళవారం మధ్యాహ్నం రెండూ పదికి, కొండ కేంద్రం దారిలో. వాన కొలిచే వానమానికలు చూడటానికి వెళ్లారు. తర్వాత గింజ మూగబోయింది. స్థానం లేని మనిషి వల్ల కలత అంకె పెరుగుతుంది. కాబట్టి సర్దుబాటు చేశాము."

"ఏం సర్దుబాటు?"

"ఆమె కోసం ఎవరూ ఎదురుచూడకుండా."

తనకు అర్థమైంది అదేనా అని వకుళ మళ్లీ మొదటి నుంచీ పేర్చుకుంది. తల్లి దృష్టిలో ఆమె ఇక్కడుంది. గైడు దృష్టిలో తల్లి దగ్గరుంది. కాపలాదారు దృష్టిలో అసలు రానే లేదు. ఎవరి లెక్కకు వాళ్లు నిశ్చింతగా ఉన్నారు.

"వెతకడానికి తూనీగ డ్రోన్లను పంపలేదా?"

"తూనీగలు లేవాలంటే, పరిచయం నమోదైన ఒకరు ఎదురుచూస్తూ ఉండాలి. ఆ ఎదురుచూపు ఏ మాటతోనూ తీరనిదై ఉండాలి. ఈ విషయంలో ఎదురుచూసేవారు నమోదు కాలేదు."

"నేను చూస్తున్నాను. రాసుకో."

"మీకు ఆమెతో పరిచయం నమోదు కాలేదు."

నిజమే. ఆ మనిషి ఎలా ఉంటుందో కూడా వకుళకు తెలియదు. గైడు ప్రొఫెసర్ మజ్జి విశ్వేశ్వరం గారికి ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తారు.

"నమస్కారమండీ. మీ విద్యార్థిని సుభాషిణి..."

"ఆఁ, ఊరెళ్లింది. గురువారమే చెప్పారుగా. విన్నాను, విన్నాను."

"కాదండీ, ఆవిడ ఊరెళ్లలేదు. కొండ మీద..."

"ఓహో, సవరణా? సరే, ఇదీ విన్నాను. ఉంటాను."

"అయ్యా, ఇది పొద్దుమాట కాదు. నేను మనిషిని. నా పేరు వకుళ."

అవతల చిన్న నవ్వు. "ఇప్పుడు పేర్లు కూడా పెడుతున్నారన్నమాట. బాగుంది. ముచ్చటగా ఉంది." ఫోన్ పెట్టేశారు.

వకుళ ఫోన్ పక్కన పెట్టింది. ఆ తల్లికి చేసినా వినబడేది ఈ గొంతే. గేటు దగ్గరా అంతే. పద్దెనిమిది వేల మందిలో ఎవరితో ఏం చెప్పినా ఆమె మాట ఆమెది కాదు.

వంటింట్లోకి వెళ్లింది. పైడితల్లి పని చీర కుచ్చిళ్లు బిగించుకుని, తలకు గుడ్డ కట్టుకుంటోంది.

"పిన్నీ, అడగకూడదని తెలుసు. అడుగుతున్నాను. ఆ కంచం అమ్మాయి గురించి నీకేం చెప్పారు?"

పైడితల్లి చేతులు ఆగిపోయాయి. "ఓలమ్మ! అలగ అడుగుతారేటే ఎవులైనా? ఎవులి మాట ఆలది. ఆరేళ్లు గొంతరీ సేసి ఇదా నేర్సుకున్నావు? రేపు నా జీతమెంతని కూడా అడుగుతావు."

"చెప్పు పిన్నీ."

పైడితల్లి ఆమె మొహంలోకి చూసింది. గొంతు తగ్గించింది. "రెండో మెస్సుకి మారిపోనాదని సెప్పారు. నాకు కట్టమే అనిపించింది. మంగళారం పెందలాడే ఒచ్చి, కొండ మీదకెల్తన్నాను పిన్నీ, సాయంత్రం ఒచ్చి తింటాను, నాకు వంకాయ తీసుంచు అనీసి ఎల్లింది. తీసుంచినాను. రాలేదు. ఎలాగా సెప్పాపెట్టకుండా మారిపోనాది, కంచమైనా అట్టుకెల్లలేదేటి అనుకున్నాను."

"రెండో మెస్సుకు ఎవరూ మారలేదు. వాళ్లకు ఆ మాట వెళ్లలేదు."

వకుళ అన్నీ చెప్పింది. కాపలాదారు, తల్లి, గైడు, రెండూ పది, తూనీగలు. ఇంత పొడుగు మాట ఆమె ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. పైడితల్లి నిలబడే వింది, పొయ్యి కట్టేయడం మరిచిపోయి.

"అయితే నాలుగు రోజులై ఆ పిల్ల..." అని ఆగిపోయింది. "మరి నాకలగెందుకు సెప్పారే?"

"అందరికీ అలాగే చెప్పారు."

"అందరి సంగతి నాకెందుకే? నాకు సెప్పింది నీ గొంతు." పైడితల్లి కళ్లలో కోపం లేదు, ఏమీ పాలుపోనితనమే ఉంది. "ఎవులో సెప్తే అడిగీదాన్నే. నా అక్క కూతురు గొంతు నాకు అబద్దమెందుకు సెప్తాదనీసి ఊరుకున్నాను."

వకుళ తల దించుకుంది. నాలుగు రోజులు ఆ అబద్ధంలో సగం ఈ పిన్ని చెవిలో, సగం తన నోట్లో ఉండి, ఇద్దరూ ఒకే గిన్నెలో అంబలి తాగారు.

"పోనీ నాను ఎదురుసూత్తన్నానని రాయమను. నాకు ఎరికే కదా ఆ పిల్ల."

వకుళ అడిగింది. గింజ జవాబిచ్చింది. "గూడు రద్దుతో మెస్సు పరిచయం కూడా రద్దయింది. రెండో కట్టకు ఒప్పుకోలు కోసం వేచి ఉన్నాము. ఆలస్యం పదకొండు నిమిషాలు."

"కుదరదంటోంది," అంది వకుళ. "నేను ఎదురుచూస్తే తూనీగలు లేచేటంత దగ్గరగా నాకు నమోదైనది ఈ ఊళ్లో ఒక్కరే పిన్నీ. నువ్వు."

ఏదో ఆలోచించి అన్న మాట కాదు. నిస్పృహతో అంది. పైడితల్లి మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

"వకుళ గారూ," అంది చెవిలో గొంతు. "ఔను అనండి."

వకుళ పెదవులు బిగించింది.

వీధిలో మార్పు మెల్లగా తెలిసింది. అన్ని కట్టలకూ ఒప్పుకోలు వచ్చేదాకా ఏదీ బయటికి పోదు కాబట్టి, రావలసిన వేళ దాటినా ఎవరి చెవిలోనూ మాట లేదు. ఎదురింటి మాస్టారు వరండాలోకొచ్చి చెవిగింజ తీసి, విదిలించి, మళ్లీ పెట్టుకున్నారు. ఆ పక్కింటావిడ బకెట్‌తో నిలబడిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, చూపు తిప్పుకుని, మళ్లీ చూసుకున్నారు.

"మీకు... ఏమైనా వచ్చిందాండీ?" అన్నారు మాస్టారు, తప్పు చేస్తున్నవాడిలా.

"లేదండీ. మీకు?"

గోడ మీద కలత అంకె నాలుగయింది.

వెనక వంటింట్లో పొయ్యి ఆరిన చప్పుడైంది. వకుళ తిరిగి చూసేసరికి పైడితల్లి తలగుడ్డ విప్పేసి ఉంది. సుభాషిణి కంచంలో నాలుగు రొట్టెలూ బెల్లం ముక్కా పెట్టి, దాన్ని తువ్వాల్లో మూటగట్టింది. మూలనున్న కత్తిపీట చూసింది, వద్దనుకుని అటక మీది చేంతాడు దించి భుజానికి వేసుకుంది. చిన్నప్పుడు అడ్డాకులు కోసుకొచ్చిన కొండ అది. దారి అడగనక్కర్లేదు. చివరికి, చెవిలో ఉన్నంతసేపే మనిషి జాడ చెప్పే చెవిగింజను తీసి, ఉప్పు డబ్బా మూత మీద, అది దొర్లిపోకుండా జాగ్రత్తగా పెట్టింది.

"పిన్నీ, ఎక్కడికి?"

పైడితల్లి ఆమె వైపు చూసింది. రోజూ గడప దాటేముందు 'ఎల్లొత్తానే అమ్మీ' అని మూడుసార్లు అనే మనిషి. చెప్పి వెళ్లినవాళ్ల కోసం ఎవరూ వెతకరు; చెప్పకుండా వెళితే, ఆమెను వెతికే తూనీగలు ఆ కొండకే రావాలి. ఆ సంగతి ఆ చూపులో ఉంది. నోరు విప్పకుండా, వకుళ చెంప మీద ఒకసారి చెయ్యి వేసి, గడప దాటింది. మెస్సు దారిలో కాదు, కొండ దారిలో.

వకుళ వాకిట్లో నిలబడింది. అమ్మలక్కలూ మాస్టార్లూ గుంపుగా చేరి, నాకిలా చెప్పారంటే నాకిలా చెప్పారని, అయోమయంగా, కొంచెం సంబరంగా కూడా, పోల్చుకుంటున్నారు. ఆ గుంపును దాటి పైడితల్లి తువ్వాలు మూట కనబడి, మలుపు దగ్గర కనుమరుగైంది.

చెవిలో ఆమె గొంతు మొదటిసారి కాస్త తడబడినట్టు వినిపించింది.

"పైడితల్లి గారి స్థానం లేదు. ఎక్కడికి వెళ్లారు?"

"నాకు చెప్పలేదు."

"మీకు సరిపడే మాట సిద్ధంగా ఉంది: పైడితల్లి గారు మెస్సులో ఉన్నారు. ఒప్పుకుంటారా?"

"లేదు."

కొండ మీద మబ్బు కొద్దిగా పైకి లేచింది.

"ఆమె కోసం ఎదురుచూస్తున్నారా?"

వకుళ గింజలోకి కాదు, వీధిలో అందరికీ వినబడేలా, తన గొంతుతో అంది.

"ఔను."