కుడి చెంప

"ఎడమ పక్క గడ్డలు కట్టింది, అది కరిగించేద్దాం. మరి కుడి పక్క?" అని అడిగింది డాక్టర్ కావ్య, వనపర్తిలోని తన చిన్న క్లినిక్‌లో సూది సిద్ధం చేసుకుంటూ.

రేణుక అద్దంలో చూసుకుంది. చెంపలు నిండుగా కనిపించాలని రెండేళ్ల కింద హైదరాబాద్‌లో ఫిల్లర్ సూదులు వేయించుకుని, చర్మం కింద జెల్ నింపించుకుంది. గద్వాలలో బ్యూటీపార్లర్ నడిపే మనిషి, తన మొహమే తన దుకాణం బోర్డు మరి! కుడి చెంప ఇప్పటికీ ముద్దొస్తోంది. ఉన్న మాట చెప్పాలంటే, ఆ అందాన్ని చేజేతులా పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు.

"కుడిది ఉండనీ మేడం," అంది.

అసలు కరిగించుకోవాలనుకున్నది అమ్మ కోసం. ఆ మొహంతోనే దవాఖానలో తల్లి లలితమ్మ మంచం పక్కన కూర్చుంది. చివరి ఘడియల్లో ఆ తల్లి కళ్లు తెరిచి, "ఎవరమ్మా నువ్వు? నా బిడ్డను పిలువు," అంది. "నేనే అమ్మా" అని రేణుక ఎంత మొత్తుకున్నా తల తిప్పేసుకుంది. అలాగే పోయింది. మూడోనాడు రేణుక పెట్టిన ముద్దను కాకి ముట్టలేదు. "బిడ్డ పెట్టిందని ముసలామెకు ఎరుకైతలేదు," అన్నారు చుట్టాలు. ఆ మాట ములుకులా గుచ్చుకుంది. పెళ్లి పెటాకులై వచ్చిన దగ్గర్నుంచి ఆమెకు అమ్మే లోకం. ఆ అమ్మే నా బిడ్డ కాదనుకుని పోతే ఇంకేం మిగిలింది?

పెత్రమాస వచ్చింది, పెద్దల పేరు మీద వండి పెట్టే అమావాస్య. అప్పటికి ఎడమ చెంప వాపు తగ్గి, పాతదానిలా లోపలికి దిగింది. మధ్యాహ్నం డాబా మీద విస్తరిలో అన్నం, పప్పు, అమ్మకిష్టమైన గారెలు పెట్టి, "తిను అమ్మా, నీ రేణుకనే," అంటూ ఎడమ చెంప ముందుకు తిప్పి నిలబడింది. ఎవరైనా చూస్తే నవ్విపోదురు. కాకి వచ్చింది. గెంతుతూ వచ్చి ఒక మెతుకు ముక్కున పట్టింది. రేణుక సంతోషం పట్టలేక పూర్తిగా దానివైపు తిరిగింది. కాకి మెతుకు వదిలేసి ఎగిరిపోయింది.

దీపాలు పెట్టే వేళకు వాన మొదలై కరెంటు పోయింది. పార్లర్ వెనక గదిలో రేణుక ఒక్కతే కూర్చుంది. తడి మట్టి వాసన... కొవ్వొత్తి కాలుతున్న వాసన... ఆ రెండింటి నడుమ సన్నగా ఆకువక్క వాసన. అమ్మ నోట ఎప్పుడూ ఉండే వాసన.

కొవ్వొత్తి ఆరిపోయింది. మూలన రాట్నం కిర్రుమంది.

చీరల నేతగాళ్లకు అమ్మ కండెలు చుట్టిచ్చిన రాట్నం అది. ఆమె పోయాక ఎవరూ ముట్టలేదు. కిర్రు... కిర్రు... తిరుగుతోంది. రేణుక ఆ చప్పుడు వైపు జరిగింది. భయమే. కానీ భయం కంటే ఆశ ఎక్కువ.

"అమ్మా?"

ఎడమ చెంపను ఒక చెయ్యి తడిమింది. నూలు ఒరుసుకుని గరుకెక్కిన వేళ్లు. చల్లగా...

"వచ్చినవా బిడ్డా... ఎన్ని దినాలకు కనవడితివే..."

రేణుకకు ఏడుపు ఆగలేదు. "నేనే అమ్మా. గుర్తువట్టినవా?"

"నా బిడ్డను నేను గుర్తువట్టనా?" వేళ్లు ముక్కు దాకా వచ్చి ఆగాయి. గొంతు తగ్గింది. "నీ పక్కకు ఎవరు కూసున్నరే?"

"ఎవ్వరు లేరమ్మా."

"ఉన్నది... నీకు అంటుకొని కూసున్నది. నన్ను జూసి నవ్వుతున్నది. గామెను పొమ్మను. ఆమె ఉంటే నేనుండలేను బిడ్డా."

"రేపే పోతనమ్మా. మొత్తం తీయించుకుంట. నువ్వు పోకు..."

చెయ్యి తొలగింది. రాట్నం ఆగింది. వక్క వాసన కూడా లేదు. చీకట్లో వాన చప్పుడొక్కటే.

అప్పుడు కుడి చెవి దగ్గర... మెల్లగా... తన గొంతే.

"అమ్మ పోయింది. ఇగ మనిద్దరమే గదా."

తెల్లారి మొదటి బస్సెక్కింది. బీచుపల్లి వంతెన దాటుతున్నప్పుడు కూడా కొంగు మొహం మీంచి తీయలేదు, కిటికీ అద్దం వైపు చూడలేదు. క్లినిక్ తలుపులు తీసేదాకా మెట్ల మీదే కూర్చుంది. "కుడిది కూడా కరిగించండి మేడం, ఇప్పుడే," అని కావ్యను బతిమాలింది. ఆమె బల్ల మీద పడుకోబెట్టి, చెంప తుడిచి, సూది దగ్గరకు తెచ్చింది. ఆగింది. మళ్లీ తెచ్చింది. మళ్లీ ఆగింది.

"రేణుకగారూ, కాసేపు నవ్వకండి. సూది పక్కకు పోతుంది."

రేణుక ఎడమ కంట్లోంచి నీళ్లు కారి చెవిలోకి దిగుతున్నాయి.

"నేను నవ్వుతలేను మేడం."