ఖనిజం బండి వెళ్ళాక

"ఎక్కు అవ్వా, ఇదే!" అంది ప్రసూన, ప్లాట్‌ఫాం మీద ఆగి ఉన్న బండిని చూపిస్తూ.

ముసలమ్మ ఎక్కలేదు. నెత్తి మీది మూట దించుకొని బండిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. "దంతెవాడ పోతదా బిడ్డా? నిజంగ పోతదా?"

"ఎందుకు పోదు? ప్రతి శనివారం నేను పోతలేనా? మా పెద్దమ్మ ఇల్లు ఆడనే."

ప్రసూన ఆరో తరగతి చదువుతోంది. వాళ్ళ నాన్న ధర్మయ్యకు గీదంలో కిరాణా దుకాణం. ఆ పిల్లకు తెలుగు, హిందీ, హల్బీ మూడూ వచ్చు. ఏది అడిగినా జవాబు నోట్లో సిద్ధంగా ఉంటుంది. "తెలియదు" అనే మాట మాత్రం ఆమె నోట ఎవరూ విని ఎరగరు. "మా ఇంట్ల ఎంక్వైరీ కౌంటర్" అని నాన్న ఆటపట్టిస్తాడు. ప్రసూన దాన్ని పొగడ్తే అనుకుంటుంది.

ముసలమ్మ ఇందాకే ప్లాట్‌ఫాం మీద కలిసింది. పేరు జోగే. తర్లగూడ దగ్గరి పల్లె నుంచి బస్సులో గీదం దాకా వచ్చింది. మనవరాలు దేవే దంతెవాడలో ఆశ్రమ పాఠశాలలో ఉంటోంది. రెండో తరగతి. ఇవాళ సెలవులు ఇచ్చారు. పిల్లను రైల్వే స్టేషన్‌కు తీసుకొస్తామని మేడం కబురు పంపింది. పిల్ల అమ్మానాన్నలు భద్రాచలం వైపు మిరపకోతకు పోయారు. అందుకే అవ్వ బయలుదేరింది. మూటలో దేవే కోసం తునికి పండ్లు ఉన్నాయి.

ప్రసూన నాన్న పార్సిల్ ఆఫీసుకు వెళ్తూ "నేనొచ్చినంక ఎక్కు" అని చెప్పే వెళ్ళాడు. కానీ ప్రసూన దగ్గర ఒక లెక్క ఉంది. ఈ దారిలో ముందు ఖనిజం, తర్వాతే మనుషులు. ఎదురుగా ఇనుప ఖనిజం నింపుకొని గూడ్స్ వస్తుంటే, దంతెవాడ బండి గీదంలో ఆగి దానికి దారి ఇస్తుంది. గూడ్స్ దాటిపోయాకే కదులుతుంది. ఇప్పుడే ఎర్రదుమ్ము రేపుకుంటూ గూడ్స్ వెళ్ళింది. పైగా పెట్టె మీది బోర్డులో కిరందుల్ అని రాసి ఉంది. దంతెవాడ దాటితేనే కదా కిరందుల్! ఇంకా అనుమానం ఎందుకు?

ఇద్దరూ ఎక్కారు. బండి కదిలింది. నాన్న రెండు చేతులూ ఊపుతూ బండి వెంట పరుగెత్తుకొస్తున్నాడు. ప్రసూన కూడా కిటికీలోంచి చేయి ఊపింది.

"మా నాన్నకు నేనంటే మస్తు ప్రేమ" అంది అవ్వతో.

కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. రావలసిన వాగు రాలేదు. ఎప్పుడూ లేని కొండ ఒకటి కనిపించింది. ఎదుటి సీట్లో కూర్చున్నందుకు అలా కనిపిస్తోందేమో అనుకొని ఇటు మారి కూర్చుంది. కొండ అక్కడే ఉంది. వాగు రానే లేదు.

"వస్తదా బిడ్డా?"

"వస్తది అవ్వా."

ఒక చిన్న స్టేషన్ వచ్చింది. ఆ పేరు ప్రసూన ఎప్పుడూ చూడలేదు. దిగాలా? ఉండాలా? దంతెవాడకు ముందు కొత్తగా స్టేషన్ కట్టారా? అంత తొందరగా ఎలా కడతారు?

"ఇదేనా?" అవ్వ మూట ఎత్తుకోబోయింది.

"కాదు. ఇంక ముందుంది."

బండి కదిలింది. ఎదురుగా ఒకాయన హిందీ పేపర్ చదువుకుంటున్నాడు. ఆయన్ని అడుగుదామా? అడిగితే తనకు తెలియదని అవ్వకు తెలిసిపోదూ?

"నేను కనవడకుంటే మా దేవే ఏడ్వది" అంది అవ్వ కిటికీలోంచి చూస్తూ. "ఊకెనే నిలవడ్తది. పోయినేడు బస్సు ఖరాబయి నేను ఆలస్యంగ పోయిన. కాళ్ళు వాచిపోయినయ్ పిల్లకు. కూసోమంటే కూసోలేదంట."

ప్రసూనకు ఒంటరిగా నిలబడ్డ ఆ చిన్నపిల్ల కళ్ళ ముందు కనిపించింది.

"అవ్వా, నాకు తెల్వదు" అంది. "ఈ బండి ఎటు పోతదో నాకు తెల్వదు!"

పేపర్ చదివే ఆయన తలెత్తాడు. ఇది జగదల్‌పూర్ వైపు వెళ్ళే బండి అని హిందీలో చెప్పాడు. కిరందుల్ నుంచే వస్తోందట. వెనక వస్తున్న గూడ్స్‌ను ముందు పంపడానికి గీదంలో ఆపారట. బోర్డు మీద రెండు వైపుల ఊళ్ళ పేర్లూ ఉంటాయి, ఇప్పుడు ఎటు వెళ్తోందో బోర్డు ఎలా చెబుతుంది అన్నాడు.

అవ్వ తిట్టలేదు. మూట ఒళ్ళో పెట్టుకుంది.

"తెల్వకుంటే తెల్వదనాలె గద బిడ్డా" అంది. "నాకూ తెల్వకనే గద నిన్ను అడిగిన."

ప్రసూనకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఆయన ఫోన్ అడిగి నాన్నకు చేసింది. నాన్న గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

"వచ్చే స్టేషన్ల దిగుండ్రి. జీపు మాట్లాడుకొని వస్తున్న. నువ్వు భయపడకు."

"నా సంగతి తర్వాత నాన్నా! నా కోసం పెద్దమ్మ దంతెవాడ స్టేషన్‌కు వచ్చుంటది. ఆడ దేవే అని చిన్నపిల్ల నిలవడి ఉంటది. అవ్వ వస్తదని చెప్పి, దాని పక్కన ఉండమను."

జీపు దంతెవాడ చేరేసరికి పొద్దు వాలింది. ప్లాట్‌ఫాం మీద పెద్దమ్మ, ఆశ్రమం మేడం బెంచీ మీద కూర్చుని ఉన్నారు. దేవే మాత్రం నిలబడే ఉంది. పెద్దమ్మ ఇచ్చిన బిస్కెట్ పొట్లం విప్పకుండా చేతిలోనే పట్టుకుంది. అవ్వను చూడగానే వచ్చి చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకుంది. అప్పుడు ఏడ్చింది.

"ఇంతసేపు ఏడికి పోయినవ్?" అంది వెక్కుతూ.

"బండి జర అటిటు అయింది తల్లీ" అన్నాడు నాన్న.

"బండి కాదు" అంది ప్రసూన. "నేనే. తెల్వకున్నా తెలుసన్న. మీ అవ్వను వేరే బండి ఎక్కించిన."

దేవే ఆమెను కోపంగా చూసింది. ప్రసూన తల దించుకుంది.

దించిన జీపు అప్పుడే వెళ్ళిపోయింది. నాన్న, ప్రసూన ఆ రాత్రికి పెద్దమ్మ ఇంట్లో ఉంటారు. అవ్వ, దేవే గీదం వెళ్ళి రాత్రి బస్సు ఎక్కాలి. కాసేపటికి ఒక బండి వచ్చి ఆగింది. జనం గబగబా ఎక్కుతున్నారు. అవ్వ ఒక చేత్తో మూట, ఒక చేత్తో దేవేను పట్టుకొని ప్రసూన వైపు తిరిగింది.

"గీదం బండి ఇదేనా బిడ్డా?"

ఇంత జరిగాక కూడా తననే అడిగింది! ఇదేనని ప్రసూనకు దాదాపు తెలుసు. మాట పెదాల దాకా వచ్చింది కూడా.

"ఆగు అవ్వా, అడిగొస్త" అని గార్డు పెట్టె వైపు పరుగెత్తింది.