కుండీలో మాటె పిప్పి

ఆ రోజు వాన పడకపోయి ఉంటే ఎడిసన్ తమ కొట్లోకి అడుగే పెట్టేవాడు కాదని హిమెనా ఇప్పటికీ అంటుంది. పదేళ్లు దాటింది. మోంతెవిదేయోలో ఆ కొట్టూ లేదు, దాని రేకుల చూరూ లేదు. వాన మాత్రం అలాగే పడుతోంది.

తడిసి ముద్దయి, తలదాచుకుందామని వచ్చాడతను. హిమెనా నాన్న చేసిన మట్టి కుండీల వరసల మధ్య నిలబడి, అన్నిట్లోకీ పెద్దదాన్ని రెండు చేతులా ఎత్తబోయి, ఎత్తలేక దించేశాడు.

"ఇలాంటివి ఆరు కావాలండీ."

"మీ తోట ఎంత ఉంటుంది?"

"తోట కాదు. బట్టల బీరువా."

హిమెనాకి నవ్వు ఆగలేదు. "ఇది ఒక్కటి పెడితేనే తలుపు పడదు. ఆరు పెడితే మీరు వెళ్లి వీధిలో పడుకోవాలి. ఇంతకీ ఏం మొక్క?"

"గంజాయి. దొంగచాటుగా కాదండోయ్! పోస్టాఫీసులో పేరు రాయించుకున్నాను. చట్టప్రకారం ఇంటికి ఆరు పెంచుకోవచ్చు కదా. మా అమ్మమ్మ వేళ్లు కొంకర్లు పోయాయి. ఎవరో ఇచ్చిన ఆ పూల నూనె రాస్తే కాస్త కునుకు పడుతోంది."

అమ్మమ్మ మాట వినగానే హిమెనా గొంతు మెత్తబడింది.

"ఆరు పెంచుకోవచ్చని ఆరూ కుక్కాలా? మూడు చాలు, గాలి ఆడుతుంది. మొదట ఈ దోసెడు కుండీలు పట్టుకెళ్లండి. అడుగు చిల్లులోంచి వేళ్లు తొంగిచూశాక బకెట్టంత కుండీలోకి మార్చండి. పసివాడికి తండ్రి చొక్కా తొడిగితే అందులోనే తప్పిపోతాడు. మొక్కయినా అంతే, అంత తడిమట్టిలో వేళ్లు కుళ్లిపోతాయి."

"ఇంకా?"

"కొత్త కుండీని ఓ పూట నీళ్లలో నానబెట్టండి. లేదంటే మొక్క తాగాల్సిన నీళ్లు కుండీ తాగేస్తుంది. నీళ్లు కారిపోయేలా కింద మూడు పెంకులు పెట్టి ఎత్తండి. మీ పేరు?"

"ఎడిసన్."

"ఓహో! అయితే బీరువాలో ఎండకి బదులు దీపం పెట్టే ఉంటారు!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు చూడ్డానికే ఆమె తర్వాత ఎన్నో హాస్యాలాడింది.

అతను వారానికోసారి వచ్చేవాడు. ఓసారి ఆకు కొస ముడుచుకుందని, ఓసారి కాడ వంగిందని. ఓసారి ఏ వంకా దొరక్క, "మొక్కలు బాగున్నాయి" అని చెప్పడానికే వచ్చాడు. ఆ వేళకి 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

"ఇలా వారం వారం చెప్పించుకునే బదులు నేనే వచ్చి చూస్తానులే" అంది హిమెనా.

మూడో అంతస్తులో వెలుతురు రాని రెండు గదులు. బీరువాలో తెల్లటి దీపం, చిన్న ఫ్యాను, మూడు పచ్చటి మొక్కలు. పక్కన కుర్చీలో అమ్మమ్మ ఎర్మెలిందా.

"చూడమ్మా, ఈ మహారాణులు బీరువాలో, నా గౌన్లేమో మంచం కింద! ఎనభై ఏళ్లకి నా బతుకిదీ."

హిమెనా చంకలో ఫ్లాస్కుతో వెళ్లేది. ముగ్గురూ ఒకే సొరబుర్రలో, ఒకే గొట్టంతో, వంతులవారీగా మాటె, అంటే ఎండాకు మీద వేడినీళ్లు పోసిన చేదు తేనీరు, తాగేవాళ్లు. ఆ ఊళ్లో మాటె పంచుకోకుండా స్నేహం లేదు. తాగడం అయ్యాక ఎడిసన్ ఫ్లాస్కు కడగడానికి వెళ్తే, హిమెనా బుర్రలోని ఆకు పిప్పిని మూలనున్న కుండీలోకి దులిపేది. వాళ్ల పెరట్లో నాన్న అలాగే చేసేవాడు, నాన్నని కన్న తల్లీ అలాగే చేసేది. దగ్గర్లో కుండీ ఉండగా పిప్పి చెత్తబుట్టలో వేసే మనిషి ఆ ఊళ్లో ఉంటాడా? తన చేత్తో ఇంత బలం పెడుతున్నానని మురిసిపోయేది.

అక్టోబరులో ఒక ఆదివారం. సంతలో ఎడిసన్ ఎదురయ్యాడు. చేతిలో నల్లటి గుడ్డ కుండీలు రెండు.

హిమెనా మాటె నింపి అందిస్తూనే అడిగింది. "ఏం, మా మట్టి చేదయిందా?"

"అది కాదు. వీటిల్లో తడి త్వరగా ఆరుతుందని..."

"మా కుండీల్లో ఆరట్లేదా?"

"మొక్కలు పసుపెక్కాయి, హిమెనా."

"అయితే తప్పు మా నాన్న చేతిదన్నమాట!"

అతను ఏదో చెప్పబోయాడు. మాటె గబగబా పీల్చేశాడు. బుర్ర తిరిగి ఇస్తూ, కంగారులో, "థాంక్స్" అన్నాడు.

మాటె తిరిగి ఇచ్చేటప్పుడు ఆ ముక్క అన్నారంటే ఇక నాకు పొయ్యొద్దని అర్థం. అక్కడ పసిపిల్లలకీ తెలుసు. హిమెనా బుర్ర చంకన పెట్టుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఆమె తల్లి కూడా ఇలాగే ఒక చిన్న మాటకి అలిగి పడవెక్కి అవతలి ఒడ్డునున్న బ్వేనోస్ ఐరెస్ వెళ్లిపోయింది. రేపు వెళ్లి సర్దిచెబుదాం అనుకున్నాడు నాన్న. ఆ రేపు పద్దెనిమిదేళ్లయినా రాలేదు. మనుషులు విడిపోవడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. నోట్లోనే ఆగిపోయిన మాట ఒక్కటి చాలు.

పదిహేను రోజుల తర్వాత చేతికర్ర తాటించుకుంటూ ఎర్మెలిందా కొట్లోకి వచ్చింది.

"వాడికి ఎక్కడో సాల్తో ఊళ్లో పని దొరికింది. ఏడాది. ఇవాళ మధ్యాహ్నమే బస్సు. నువ్వు ఇక్కడ బంకమట్టి పిసుక్కుంటూ కూర్చో."

"నన్నెందుకు తిడతారు అమ్మమ్మా? మా కుండీలు వద్దన్నది అతనే."

"పిచ్చిపిల్లా! నువ్వు మెట్లు దిగగానే వాడు చెంచాతో ఏం చేసేవాడో తెలుసా? నువ్వేసిన పిప్పి తవ్వి తీసేవాడు. పెరట్లో ఎండుంటుంది, చెల్లుతుంది. బీరువాలో ఎండేదీ? అడుగున మిగిలిందంతా బూజు పట్టింది. సన్నటి ఈగలు లేచి పక్క కుండీలకీ పాకాయి."

హిమెనా చేతిలో మట్టిముద్ద జారిపోయింది. "నాతో చెప్పొచ్చు కదా!"

"చెప్పమన్నాను. 'చెబితే సిగ్గుపడి రావడం మానేస్తుంది అమ్మమ్మా' అన్నాడు. చెప్పకపోయినా మానేశావుగా. మీ ఇద్దర్నీ ఒకే కుండీలో పాతెయ్యాలి!"

హిమెనా చేతులు కూడా కడుక్కోలేదు. మట్టి ఏప్రనుతోనే, వానలోనే పరుగెత్తింది.

ఎడిసన్ సంచీ కడుతున్నాడు. బీరువా తలుపు తీసే ఉంది. గుడ్డ కుండీల్లో రెండు మొక్కలు తేరుకుంటున్నాయి. మూలన మట్టి కుండీలో మూడోది తల వాల్చేసింది.

"నేనే చంపాను" అంది రొప్పుతూ.

"ఎవర్ని?"

"దీన్ని. తప్పు కుండీది కాదు. నా చేతిది."

"తెలుసు."

"తెలిసీ చెప్పలేదేం?"

"మొక్క పోతే ఇంకోటి వేసుకోవచ్చు కదా."

"మరి నువ్వు పోతే?"

సంచీ తాడు వదిలేశాడతను. ఎడిసన్ చెవులు ఎర్రబడ్డాయి.

"దీన్నొక్కదాన్నీ ఎందుకు మార్చలేదు?" ఆమె మెల్లగా అడిగింది.

"నువ్వు పిప్పి వేసింది ఇందులోనే. మార్చబుద్ధి కాలేదు."

హిమెనా ముక్కు ఎగబీల్చి కుండీ నేలమీదకి దించింది. "ఏడుపు తర్వాత. కత్తెర పట్రా."

మట్టిగడ్డని వదులు చేసి, మెత్తబడ్డ వేళ్లు కత్తిరించి, వరి ఊక కలిపిన కొత్త మట్టి పోశారు. పై మట్టి వేలికి పొడిగా తగిలేదాకా నీళ్లొద్దని ఆమె చెబుతుంటే, అతను మట్టిని కాదు, ఆమెనే చూస్తున్నాడు.

"అక్కడ కాదు, ఇక్కడ చూడు."

"ఇక్కడే చూస్తున్నా. నువ్వంటే నాకిష్టం, హిమెనా. మొదటిరోజే చెప్పాల్సింది. పెద్ద కుండీ మోయలేక సిగ్గుతో చెప్పలేకపోయా."

ఆమె మట్టిచేత్తోనే అతని ముక్కు పట్టుకుని ఊపింది. అదే ఆమె జవాబు.

గుమ్మంలో ఎర్మెలిందా ఆయాసపడుతూ నిలబడింది. "తేలిందా, ఇంకో మూడంతస్తులు ఎక్కి దిగనా? వాణ్ని వెళ్లనీ పిల్లా, పని మంచిది. వచ్చేదాకా ఈ మొక్కలూ నేనూ నీకే అప్పగింతలు."

బస్సుకి ఇంకా గంటుంది. హిమెనా నీళ్లు కాచి మాటె నింపింది. ఎడిసన్ తాగి బుర్ర తిరిగి ఇస్తుంటే ఆమె అతని నోటివైపే చూసింది.

"ఇంకోటి పొయ్యి" అన్నాడతను.

అయ్యాక అలవాటు కొద్దీ ఆమె చెయ్యి కుండీ వైపు వెళ్లింది. "హిమెనా!" అని అమ్మమ్మా మనవడూ ఒక్కసారే అరిచారు.

ఏడాది తిరిగాక బస్టాండులో చంకన ఫ్లాస్కుతో నిలబడింది ఆమె. అతను బస్సు మెట్టు మీదే బుర్ర అందుకున్నాడు. పెళ్లయ్యింది, ఎర్మెలిందా కన్నుమూసింది, బీరువాలు మూడు మారాయి. ఇప్పటికీ సాయంత్రమైతే ఫ్లాస్కు చివరి చుక్కదాకా తాగుతాడు.

ఆ 'థాంక్స్' ముక్క మాత్రం మళ్లీ ఎప్పుడూ అనలేదు.