రెండో పిలుపు

రియేకా అనే ఓడరేవు ఊళ్ళోని ఆ ప్రభుత్వాసుపత్రిలో చిన్నపిల్లల చెవులు చూసే విభాగం మూడో అంతస్తులో ఉంది. కిటికీ తెరిస్తే సముద్రం. గోడల నిండా డాల్ఫిన్ల బొమ్మలు. పెద్దవాళ్ళ చెవులు చూసే విభాగం మాత్రం నేలమాళిగలో, బాయిలర్ గది పక్కన ఉంది. పెద్దవాళ్ళ చెవుల కోసం ఎవరూ చందాలివ్వరు మరి. చెవుడొచ్చిన ముసలివాణ్ణి చూస్తే జనానికి జాలి కంటే ముందు విసుగొస్తుంది.

ఆ కింది విభాగానికి జగోడా టీమ్ లీడర్. ఆమె కింద పరీక్షలు చేసేవాళ్ళిద్దరు, చెవి మిషన్లు బాగుచేసే అతనొకడు, కౌంటర్లో ఓర్నేలా. జగోడా పని తెలిసిన మనిషి. ఓడల కార్ఖానాలో ఇనుము మీద ఇనుము కొట్టీ కొట్టీ చెవులు పోగొట్టుకున్నవాళ్ళు ఆ ఊళ్ళో వీధికి పదిమంది. వాళ్ళలో చాలామందికి ఆమె చేతుల మీదే మళ్ళీ నాలుగు మాటలు వినపడ్డాయి. ఆ మంచిపేరు ఆమెకుంది. దాన్ని ఎలా పోగొట్టుకుందో చెప్పడమే ఈ కథ.

ఇదివరకు ఒక పద్ధతుండేది. ఎవరి వంతు వస్తే వాళ్ళ దగ్గరికి ఓర్నేలా స్వయంగా వెళ్ళేది. భుజం మీద చెయ్యేసి, మొహంలోకి చూసి పేరు చెప్పి, వెంటపెట్టుకుని తీసుకొచ్చేది. దానికి టైము పట్టేది. ముసలివాళ్ళు లేవాలి, టోపీ వెతుక్కోవాలి, మనవరాలి పెళ్ళి ఫొటో చూపించాలి. వెయిటింగ్ లిస్టు చాంతాడంత అయింది. డైరెక్టరు పైకి పిలిచి నాలుగు చీవాట్లు పెట్టాడు. కిందికి దిగి వచ్చేటప్పుడే జగోడా కొత్త రూలు ఆలోచించుకుంది. తలుపు దగ్గర నిలబడి పేరు రెండుసార్లు పిలవాలి. లేవకపోతే ‘రాలేదు’ అని కంప్యూటర్లో కొట్టి, తర్వాతివాళ్ళని పిలవాలి. మూడుసార్లు ‘రాలేదు’ పడితే లిస్టులోంచి పేరు తీసేస్తారు.

"చెవిటివాళ్ళని కేకేసి పిలిచే ఆసుపత్రి లోకం మొత్తానికి మనదొక్కటేనమ్మా, లీడర్ గారూ," అంది ఓర్నేలా. "ఓ శంఖం కూడా కొనిపెట్టండి. నిలబడి ఊదుతా."

అందరూ నవ్వారు. జగోడా కూడా నవ్వింది. చలికాలం వచ్చేసరికి లిస్టు సగానికి సగం తగ్గింది. డైరెక్టరు శభాష్ అన్నాడు. ఆ శభాష్ ఆమెకి బాగానే రుచించింది.

ఆ శుక్రవారం పొద్దుటినుంచే బూరా గాలి మొదలైంది. కొండ మీంచి సముద్రం మీదికి విరుచుకుపడే గాలి అది. ముదిరితే దీవికెళ్ళే వంతెన మూసేస్తారు. జగోడా ఇల్లు దీవిలో. మధ్యాహ్నం దాటగానే ఓర్నేలా తప్ప టీమ్‌లో మిగతావాళ్ళని పంపేసింది. వంతెన సంగతి రేడియోలో వింటూ, గడియారం చూస్తూ కూర్చుంది. ఒక్క పేషెంటు మిగిలాడు.

"జ్వానే," అంది ఓర్నేలా. "కార్ఖానాలో రివెట్లు కొట్టేవాడు. ఇప్పటికే రెండుసార్లు ‘రాలేదు’ పడింది పాపం. ఆ రెండుసార్లూ ఇదే కుర్చీలో సాయంత్రం దాకా కూర్చున్నాడు, నా కళ్ళతో చూశా."

"రూలు అందరికీ ఒకటే కదా."

"వాళ్ళావిడ మంచం దిగలేదమ్మా. గొంతు కూడా పెగలదు. రాత్రి దాహమేసి పిలిస్తే వంటింట్లో పడుకున్న ఈయనకి వినపడదు. తెల్లారి చూస్తే ఆవిడ పెదాలు చీలిపోయి ఉంటాయట. అది చూడలేకపోతున్నా, ఒక్క చెవికైనా మిషన్ ఇప్పించండి అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఇవాళ కూడా పోయిందంటే పేరు కొట్టేస్తారు. వెళ్ళి భుజం తట్టి తీసుకురానా?"

"ఈ కాగితాలు పైన డైరెక్టర్ గదిలో ఇచ్చిరా," అంది జగోడా. "ఆయన్ని నేను పిలుస్తాలే."

ఓర్నేలా ఒక్క క్షణం ఆమెను చూసి, కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది.

జగోడా తలుపు తీసింది. వరండా సగం చీకటిగా ఉంది. ట్యూబ్‌లైటు ఒకటి కొట్టుకుంటోంది. గాలి పైపుల్లో దూరి మూలుగుతోంది. తడి సిమెంటు వాసన, దాని మీద బాయిలర్ నూనె వాసన. ఆ చివర కుర్చీలో ముసలాయన కూర్చుని ఉన్నాడు. నీలం రంగు పాత కోటు, మోకాళ్ళ మీద టోపీ. తల వంచుకుని, ఒక చెయ్యి కోటు లోపల పెట్టి రొమ్ము దగ్గర తడుముకుంటున్నాడు. ఆసుపత్రి కార్డు వెతుక్కుంటున్నాడనుకుంది.

"జ్వానే!" అని గట్టిగా పిలిచింది.

తల ఎత్తలేదు. నాలుగడుగులు వేస్తే భుజం అందుతుంది. ఆ నాలుగడుగులు వేస్తే పరీక్ష చెయ్యాలి, మిషన్ కోసం చెవి అచ్చు తియ్యాలి, అతనికి కాగితం మీద రాసి అన్నీ చెప్పాలి. అప్పటికి వంతెన మూసేస్తారు.

రెండోసారి పిలిచింది. ఈసారి మెల్లగా... పిలిచాననిపించుకోవడానికి మాత్రమే పిలిచింది. ఎదురుగా నిలబడ్డవాళ్ళకి కూడా వినపడదు ఆ గొంతు. కోటు లోపలి చెయ్యి కదలడం మానేసింది. నిద్రపోయాడనుకుంది.

లోపలికొచ్చి ‘రాలేదు’ కొట్టింది. చెంపలు వేడెక్కాయి. సిగ్గేసింది. వేసినా చెయ్యి మాత్రం కోటు కోసం వెళ్ళింది.

దీపాలు ఆర్పుతుంటే పరీక్ష బల్ల మీద పచ్చదీపం వెలిగింది.

పక్కనే పరీక్ష గది ఉంది. దాన్ని వాళ్ళు ‘పెట్టె’ అంటారు. మందపాటి ఇనుప తలుపు, చిన్న అద్దం. లోపల కూర్చుంటే బయటి చప్పుడు ఈగంత కూడా చేరదు, లోపలి చప్పుడు బయటికి రాదు. పేషెంటు వీపు ఇటు పెట్టి కూర్చుంటాడు. హెడ్‌ఫోన్లలో కూత వినిపిస్తే చేతిలో ఉన్న బటన్ నొక్కుతాడు. బయట బల్ల మీద పచ్చదీపం వెలుగుతుంది. అంతే ఆ పరీక్ష.

జగోడా అద్దంలోంచి చూసింది. లోపల మసక వెలుతురు. కుర్చీలో నీలం రంగు కోటు. వంగిన వీపు. చెవులకి హెడ్‌ఫోన్లు.

ఓర్నేలా పనే ఇది, వెనక మెట్ల మీంచి వచ్చి కూర్చోబెట్టి ఉంటుంది అనుకుంది. ముందు ఒళ్ళు మండింది. ఆ వెంటనే, ఎవరికీ చెప్పుకోలేనంత హాయిగా కూడా అనిపించింది. పరీక్ష చేసేస్తే ఇందాక కొట్టిన ‘రాలేదు’ తుడిచేయొచ్చు. ఏమీ జరగనట్టే ఉంటుంది. కోటు తీసి బల్ల ముందు కూర్చుంది.

కార్ఖానా చెవులు కదా అని పెద్ద కూతతో మొదలుపెట్టింది. దీపం వెలిగింది. తగ్గించింది. వెలిగింది. ఇంకా తగ్గించింది. మళ్ళీ వెలిగింది. ఇనుము కొట్టేవాళ్ళకి మొట్టమొదట పోయేవి సన్నటి కూతలు. అవి ఇచ్చింది. వాటికీ వెలిగింది. చివరి మెట్టు దాకా దించింది. పైఅంతస్తు పిల్లలు కూడా తడబడే మెట్టు అది.

దీపం వెలిగింది.

మిషన్ పాడైందేమో అనుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏమీ నొక్కలేదు.

వెలిగింది.

స్వెటర్ చేతికి ఒరుసుకుంది... వెలిగింది. ఉమ్మి మింగింది... వెలిగింది. ఆమె ఊపిరి బిగబట్టి కదలకుండా కూర్చుంది. దీపం వెలిగి ఆరింది. వెలిగి ఆరింది. ఆగకుండా, ఒకే వరసలో వెలిగి ఆరుతోంది. ఆ వరస ఎక్కడో తెలిసినట్టుంది. మెడ పక్కన వేలు పెట్టి చూసుకుంది.

అది ఆమె గుండె చప్పుడు.

లోపలి మనిషి కదలడం లేదు. భుజాలు కూడా లేచి పడడం లేదు. ఎక్కడినుంచో కాలిన ఇనుము వాసన వస్తోంది. కాళ్ళ దగ్గర చలి. జగోడా మైకు దగ్గరికి నోరు తెచ్చింది.

"బార్బా జ్వానే..." ఆ ఊళ్ళో పెద్దవాళ్ళని అలాగే పిలుస్తారు. "నా మాట... వినిపిస్తోందా?"

వెలిగింది.

"లోపలికి... ఎవరు తీసుకొచ్చారు?"

దీపం వెలగలేదు. చాలాసేపటికి, లోపలి మాటలు బయటికి వినిపించే స్పీకర్లో గరగరమంది.

"మొదటిసారి వినపడలేదు బిడ్డా..."

ఆమె చేతులు బల్లకి అతుక్కుపోయాయి.

"రెండోసారి మెల్లగా పిలిచావే... అది బాగా వినపడింది."

అప్పుడే వరండాలోంచి ఓర్నేలా కేక పెట్టింది.

జగోడా పరుగెత్తింది. ముసలాయన అదే కుర్చీలో ఉన్నాడు. మోకాళ్ళ మీద టోపీ. కోటు లోపల చెయ్యి. ఓర్నేలా ఆయన భుజం మీద చెయ్యేసి నిలబడి ఉంది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చల్లబడిపోయాడు..." అంది.

వెనక్కి తిరిగొచ్చి పెట్టె తలుపు లాగితే లోపల ఎవరూ లేరు. కుర్చీ మీద హెడ్‌ఫోన్లు ఉన్నాయి. ముట్టుకుంటే మంచుగడ్డలా ఉన్నాయి.

డ్యూటీ డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు. "ఎవరూ చూడలేదా? నొప్పి మొదలవగానే ఎవరైనా దగ్గరికెళ్ళి ఉంటే..." అని ఆగిపోయాడు.

"పిలిచాం," అంది జగోడా. "రెండుసార్లు."

ఓర్నేలా కౌంటర్లోకి వెళ్ళి కంప్యూటర్ చూసింది. ఆ ‘రాలేదు’ చూసింది. తిట్టినా బాగుండేదని జగోడాకి అనిపించింది. భూమిలోకి కుంగిపోదామన్నా, ఉన్నది నేలమాళిగలోనే.

వంతెన మూసేశారని రేడియో చెప్పింది. జ్వానే ఇంట్లో ఫోన్ ఎత్తేవాళ్ళు లేరు. ఎవరో ఒకరు వెళ్ళి ఆవిడకి చెప్పాలి.

"నేను రాను," అంది ఓర్నేలా. మొదటిసారి ఆమె నోట మీరు అన్న మర్యాద లేదు. "పిలిచింది నువ్వు. నువ్వే వెళ్ళి చెప్పు."

చీకటి పడుతోంది. గాలికి కారు ఊగిపోతోంది. జగోడా అద్దాలన్నీ బిగించి, ఏం చెప్పాలో పైకే అనుకుంటూ నడిపింది. "ఆయన ఆలస్యంగా వచ్చారు. మేం చూసేసరికే అయిపోయింది." మొదటిసారి గొంతు వణికింది. మళ్ళీ అంది. మళ్ళీ మళ్ళీ అంది. కొండెక్కేసరికి వణుకు పోయింది. అబద్ధం అంత తేలిగ్గా నోటికి వచ్చేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కారాపి కాసేపు ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఇంకోసారి అనుకుంది.

జ్వానే ఇల్లు కొండ మీద, కార్ఖానా వాళ్ళ పాత క్వార్టర్లలో. తలుపుకి తాళం లేదు. పక్కింటావిడ మధ్యాహ్నం వచ్చి గిన్నెలో పోసి వెళ్ళిన సూప్, పులిసిన క్యాబేజీ వాసన కొడుతోంది. లోపలి గదిలో మంచం మీద చిన్న ప్రాణం. జ్వానే భార్య ఫుమిత్సా. పక్కన బల్ల మీద నిండుగా నీళ్ళగ్లాసు. ఆమె పెదాలు తడిగా ఉన్నాయి.

ఆమె నవ్వింది. చెవి దగ్గర పెడితే తప్ప వినపడని గొంతుతో అంది.

"ఆసుపత్రి నుంచా తల్లీ? మా ఆయనకి చెవులిచ్చింది నువ్వేనా?"

జగోడా మంచం మీదికి వంగింది.

"చల్లగా ఉండు. నీ కడుపు చల్లగా ఉండాలి. ఇంటికొచ్చినప్పటినుంచీ నేను ఇలా అనేలోపు అలా నీళ్ళు తెస్తున్నాడు. ఇందాకైతే పిలవను కూడా లేదు. దాహమేసిందని అనుకున్నానంతే."

"అమ్మా..." జగోడాకి నిజం గొంతు దాకా వచ్చింది. "అమ్మా, ఆయన..."

"ష్... మెల్లగా. గట్టిగా మాట్లాడితే నొప్పిగా ఉందట ఆయనకి. గోడవతల చీమ నడిచినా వినపడుతోందట. పాపం, ఇంకా అలవాటు కాలేదు."

వంటింట్లో కుర్చీ జరిగింది. అడుగుల చప్పుడు లేదు. కుర్చీ మాత్రమే.

ఫుమిత్సా అటు తిరిగి, ఎవరో చెప్తుంటే విన్నట్టు విని, తలాడించింది. జగోడాకి మాత్రం గాలి తప్ప ఏమీ వినపడలేదు. ఎండు కట్టెలాంటి వేళ్ళు ఆమె చేతిని పట్టుకున్నాయి.

"దారంతా కారులో ఏదో చదువుకుంటూ వచ్చావట కదా తల్లీ? ఒకటే మాట, మళ్ళీ మళ్ళీ. మధ్యలో ఏడ్చావట కూడా."

జగోడా చెయ్యి లాక్కోబోయింది. రాలేదు.

"ఏమిటా మాట అంటే నాకు చెప్పడు. నిన్నే అడగమంటున్నాడు."

బయట గాలి ఒక్కసారిగా పడిపోయింది. వంటింట్లో చప్పుడు లేదు. ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు.

"చెప్పమ్మా," అంది ఫుమిత్సా ప్రేమగా. "వింటున్నాడు."